సరిహద్దులో సరుకు చేతులు మారే చోటు: ట్రాన్స్‌లోడింగ్, క్రాస్‌డాకింగ్, నియర్‌షోరింగ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాదాపూర్‌లో అమెరికా, మెక్సికో సరుకు రవాణా చూసే నైట్ షిఫ్ట్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా చేరే పిల్లలకు మొదటి రెండు వారాలు పని నేర్పేది నేనే. వాళ్లు అడిగేవీ, జీడిమెట్ల, పాశమైలారం వైపు చిన్న ఎగుమతిదారులు ఫోన్ చేసి అడిగేవీ ఎక్కువగా ఒకే ప్రశ్నలు. అందుకే వాటిని ఒక చోట రాస్తున్నాను.

ట్రాన్స్‌లోడింగ్ అంటే ఏమిటి?

ఒక బండిలో వచ్చిన సరుకును దించి ఇంకో రకం బండిలోకి ఎక్కించడం. ఓడ కంటైనర్ నుంచి లారీ ట్రైలర్‌లోకి, రైలు వ్యాగన్ నుంచి లారీలోకి, ఒక దేశపు లారీ నుంచి ఇంకో దేశపు లారీలోకి.

ఇది మనకు కొత్తేమీ కాదు. పెద్ద లారీలకు పగటి పూట నగరంలోకి అనుమతి లేనందుకు, ఊరి బయటే సరుకు దించి డీసీఎంలలో, ట్రాలీ ఆటోల్లో బేగంబజార్‌కు పంపుతారు కదా, అదీ ట్రాన్స్‌లోడింగే. ఇంకా వెనక్కి వెళ్తే సికింద్రాబాద్ స్టేషనే ఉంది. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వేసిన నిజాం రైలు మార్గం బ్రాడ్ గేజ్. తర్వాత మన్మాడ్ వైపు వేసినది మీటర్ గేజ్. ఒకదాని పట్టాల మధ్య వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 1,000. ఆ వ్యాగన్ ఈ పట్టాల మీదికి రాదు. కాబట్టి బస్తా బస్తా దించి ఎక్కించాల్సిందే. 1992లో రైల్వే, మార్గాలన్నిటినీ బ్రాడ్ గేజ్‌కు మార్చే యూనిగేజ్ పథకం మొదలుపెట్టడానికి పెద్ద కారణాల్లో ఈ దింపుడు ఖర్చు ఒకటి.

పట్టాలు కలవని చోట సరుకు దిగుతుంది. దేశాల మధ్య చట్టాలు కలవని చోట కూడా అంతే.

మరి క్రాస్‌డాకింగ్ వేరేదా?

రెండిట్లోనూ సరుకు దిగి ఎక్కుతుంది. కానీ ఉద్దేశం వేరు. ట్రాన్స్‌లోడింగ్‌లో మారేది బండి. క్రాస్‌డాకింగ్‌లో ముఖ్యమైనది సరుకు సర్దడం: ఒక లారీలో వచ్చిన సరుకును ఊర్ల వారీగా విడదీయడం, లేదా నాలుగు లారీల్లో వచ్చినదాన్ని ఒక లోడుగా కలపడం. అదీ గోడౌన్‌లో పెట్టకుండా, చాలాచోట్ల ఒక రోజులోపే.

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో పార్సిళ్లు మారే తీరు గుర్తు తెచ్చుకోండి. కరీంనగర్ బస్సులో వచ్చిన కట్టల్లో కర్నూలుకు ఒకటి, మహబూబ్‌నగర్‌కు రెండు. ఏ కట్టా అక్కడ కాపురం పెట్టదు, ఆ ప్లాట్‌ఫాం నుంచి ఈ ప్లాట్‌ఫాంకు వెళ్లిపోతుంది. క్రాస్‌డాక్ షెడ్ కూడా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క తలుపులన్నీ వచ్చే బండ్లకు, ఎదుటి పక్క తలుపులు వెళ్లే బండ్లకు. మధ్యలో ర్యాకులు ఉండవు, నేల మీద పసుపు గీతలు మాత్రం ఉంటాయి.

సరిహద్దు ఊళ్లలో ఈ రెండు పనులూ ఒకే షెడ్‌లో జరుగుతాయి. అందుకే జనం పేర్లు కలిపేస్తుంటారు. ఆ తప్పుతో ప్రాణం పోదు. కానీ రేటు అడిగేటప్పుడు మాత్రం స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే రెండిటికీ రేటు కట్టే పద్ధతి వేరు.

ఇంటర్‌మోడల్, ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటే?

ఇంటర్‌మోడల్‌లో పెట్టె అలాగే కదులుతుంది, లోపలి సరుకును ఎవరూ తాకరు. ఓడ నుంచి రైలు, రైలు నుంచి లారీ, అదే కంటైనర్. ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటే ఎక్కువగా మధ్య రేవులో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చడం. తలుపుకు వేసిన సీలు తెగిందా లేదా అని చూసుకోండి, తేడా తెలిసిపోతుంది. ట్రాన్స్‌లోడింగ్‌లో సీలు తప్పకుండా తెగుతుంది.

నియర్‌షోరింగ్ అని అందరూ అంటున్నారు. అసలు విషయం ఏమిటి?

అమ్మే దేశానికి దగ్గరలో తయారు చేయించుకోవడం. అమెరికా కంపెనీలకు ఆ దగ్గరి దేశం మెక్సికో. 2018 నుంచి చైనా సరుకు మీద అమెరికా అదనపు సుంకాలు వేసింది. తర్వాత కరోనా కాలంలో కంటైనర్ దొరకడమే గగనమైంది, ఓడలు రేవుల బయట వరుస కట్టాయి. అప్పటి నుంచి చాలామంది మెక్సికోలోని మాంటెరే, సాల్టియో, కెరెటారో, టిహువానా వైపు చూశారు. 2023లో అమెరికాకు సరుకు అమ్మే దేశాల్లో మెక్సికో చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది.

అయితే ఇదంతా నిన్న మొన్న పుట్టింది కాదు. సరిహద్దు వెంట మకిలడోరా ఫ్యాక్టరీలు, అంటే బయటి నుంచి విడిభాగాలు తెచ్చుకుని తయారుచేసి ఎగుమతి చేసేవి, 1965 నుంచే ఉన్నాయి. 1994లో అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం వచ్చింది, 2020 జూలై 1 నుంచి దాని స్థానంలో యూఎస్‌ఎంసీఏ అనే కొత్త ఒప్పందం అమలవుతోంది. ఆ ఒప్పందాన్ని ఆరేళ్లకు, అంటే 2026 జూలైలో, మూడు దేశాలూ కలిసి సమీక్షించాలని అందులోనే రాసుకున్నారు. సుంకాలు ఎప్పుడు ఎలా మారతాయో అన్న టెన్షన్ ఈ వ్యాపారంలో అందరికీ ఉంది. కాబట్టి రేటు చెప్పేముందు ఆ రోజు ఉన్న సుంకం చూసే చెప్పండి, పోయిన నెలది కాదు.

ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసింది కదా, ఇంకా మధ్యలో దించడం ఎందుకు? ఒకే లారీ నేరుగా వెళ్లిపోదా?

కొత్తవాళ్లు అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా.

మాంటెరే నుంచి అమెరికా వైపు సరిహద్దు ఊరైన లారెడో దాదాపు 230 కిలోమీటర్లు. మన హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే తక్కువే. అయినా ఆ దారిన సరుకు అమెరికా లోపలికి చేరడానికి మామూలుగా మూడు లారీలు పనిచేస్తాయి. మెక్సికో లారీ ఫ్యాక్టరీ నుంచి, సరిహద్దుకు మెక్సికో వైపున్న నువో లారెడో దాకా తెస్తుంది. అక్కడ ట్రాన్స్‌ఫర్ లారీ అనే పొట్టి దూరపు బండి ఆ ట్రైలర్‌ను అందుకుని వరల్డ్ ట్రేడ్ బ్రిడ్జ్ అనే సరిహద్దు వంతెన దాటించి లారెడోలో వదిలిపెడుతుంది. అక్కడి నుంచి అమెరికా లారీ డాలస్‌కో షికాగోకో తీసుకెళ్తుంది.

ఎందుకిలా? మెక్సికో లారీల్లో చాలావాటికి సరిహద్దు పక్కనున్న పరిమిత ప్రాంతం వరకే అనుమతి. లోపలి దాకా వెళ్లే అనుమతి ఉన్నవి కొన్నే. లోపలికి వెళ్లినా, అమెరికాలో ఒక ఊళ్లో ఎక్కించుకుని అమెరికాలోనే ఇంకో ఊళ్లో దించకూడదు. దాంతో తిరుగు లోడు దొరకడం కష్టమవుతుంది. అమెరికా డ్రైవర్లలో చాలామంది వంతెన దాటరు. బరువు లెక్క కూడా కలవదు. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద బండితో సహా మొత్తం 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు మించకూడదు. మెక్సికోలో ఒకే బండి రెండు ట్రైలర్లు జతగా లాగడానికి కూడా అనుమతి ఉంది. అక్కడ సక్రమంగా నింపిన లోడు అమెరికాలో ఓవర్‌లోడు అయిపోతుంది.

ఇదంతా ఉత్తరానికి వెళ్లే సరుకు సంగతి. దక్షిణానికి, అంటే అమెరికా నుంచి మెక్సికోకు వెళ్లే సరుకుకు ఇంకో కారణం ఉంది. మెక్సికో కస్టమ్స్ బ్రోకర్ తాను వేసే డిక్లరేషన్‌కు తానే జవాబుదారీ. దాన్ని పెదిమెంతో అంటారు. అందులో పెట్టెల సంఖ్యో, సీరియల్ నంబరో తేడా వస్తే జరిమానా. అందుకని చాలామంది బ్రోకర్లు సరుకును లారెడో షెడ్‌లో దింపించి, లెక్కపెట్టించి, లేబుళ్లు చూసుకున్నాకే సంతకం పెడతారు. లారెడో నిండా గోడౌన్లు లేచింది ఇందుకే.

ట్రైలర్ అలాగే ఉంచి ఇంజిన్ బండి మారిస్తే సరిపోదా?

సరిపోతుంది, చాలా లోడ్లు అలాగే వెళ్తాయి కూడా. మంచి పాలెట్ల (పెట్టెలు పేర్చే చెక్క పీటల) మీద ఉన్న, ఒకే కొనుగోలుదారుకు వెళ్లే, నాజూకైన సరుకైతే నేనైతే దించవద్దనే చెబుతాను. దించిన ప్రతిసారీ ఏదో ఒక అట్టపెట్టె మూల నలుగుతుంది.

అయితే దానికి రెండు దేశాల లారీ కంపెనీల మధ్య ట్రైలర్ మార్పిడి ఒప్పందం ఉండాలి. అమెరికా కంపెనీ తన ట్రైలర్ మెక్సికోలో పది రోజులు ఉండిపోవడానికి సులభంగా ఒప్పుకోదు. బీమా సంగతి మరీ ముఖ్యం. విలువ ముందుగా ప్రకటించకపోతే మెక్సికోలో లారీ యజమాని కట్టాల్సిన నష్టపరిహారం చట్టప్రకారం చాలా స్వల్పం. అమెరికా పాలసీల్లో చాలావాటికి వంతెన అవతల కవరేజీ ఉండదు. సరిహద్దులో సరుకు దించి, లెక్కపెట్టి, ఎక్కిస్తే ఎవరి బాధ్యత ఎక్కడ ముగిసిందో కాగితం మీద ఉంటుంది. ఖరీదైన సరుకు పంపేవాళ్లు డబ్బు ఎక్కువైనా దీనికే మొగ్గుతారు.

మూడు కంటైనర్లు రెండు ట్రైలర్లు అవుతాయంటారు. నిజమేనా?

నిజమే, కానీ లెక్క చేసుకోవాలి. 40 అడుగుల మామూలు ఓడ కంటైనర్‌లో సుమారు 67 ఘనపు మీటర్లు పడుతుంది. 53 అడుగుల అమెరికా ట్రైలర్‌లో దాదాపు 110. మూడు కంటైనర్లు 201, రెండు ట్రైలర్లు 220. కాబట్టి రేవు దగ్గరే ట్రాన్స్‌లోడ్ చేస్తే మూడో బండి కిరాయి మిగులుతుంది. ఖాళీ కంటైనర్ వెంటనే ఓడ కంపెనీకి తిరిగి వెళ్తుంది కనుక డిటెన్షన్ చార్జీలూ, అంటే కంటైనర్ ఆలస్యంగా ఇచ్చినందుకు కట్టేవి, పడవు.

బరువు దగ్గరే దెబ్బ తింటారు. 53 అడుగుల ట్రైలర్‌లో సరుకు బరువు దాదాపు 20 టన్నులకు పరిమితమవుతుంది. ఒక్కో కంటైనర్‌లో 12 టన్నుల ప్లాస్టిక్ సామాను ఉంటే మొత్తం 36, రెండు ట్రైలర్లకు 18 చొప్పున హాయిగా సరిపోతుంది. అదే ఒక్కో దాంట్లో 20 టన్నుల టైల్స్ ఉంటే 60 అవుతుంది. చోటు ఉన్నా మూడో బండి తప్పదు. కొత్తవాళ్లు ఘనపు మీటర్లు చూసి సంబరపడతారు. ముందు టన్నులు చూడండి.

ఏయే కాగితాలు కావాలి?

మన ఈ-వే బిల్లు తెలిసినవాళ్లకు సగం అర్థమైనట్టే. దారిలో లారీ మారితే పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి కదా, ఎక్కించకుండా కదిలితే పట్టుకుంటారు. మెక్సికోలో దానికి దగ్గరిది కార్తా పోర్తే. సరుకు, బండి, డ్రైవర్, దారి, అన్నీ అందులో ఉండాలి. కస్టమ్స్‌కు పెదిమెంతో. దక్షిణానికి దాటేటప్పుడు మెక్సికో గేటు దగ్గర యంత్రం ఎంపిక చేస్తుంది: పచ్చ లైటు వస్తే బండి పోతుంది, ఎర్ర లైటు వస్తే తనిఖీ.

అమెరికాలోకి వచ్చే లారీ వంతెన చేరడానికి కనీసం గంట ముందు ఈ-మ్యానిఫెస్ట్, అంటే బండి, సరుకు వివరాల ఎలక్ట్రానిక్ పత్రం, అమెరికా కస్టమ్స్‌కు వెళ్లాలి. ముందే పరిశీలించి నమ్మకమైనవని గుర్తించిన వాటికి ఉండే ఫాస్ట్ కార్యక్రమంలో నమోదైన బండికైతే అరగంట. ఆ మ్యానిఫెస్ట్‌లో ఏ ట్రైలర్ నంబరు రాశామో అదే ట్రైలర్ వంతెన ఎక్కాలి. చివరి నిమిషంలో టైరు పంచరై ట్రైలర్ మారిస్తే, సరుకు మారినంత వేగంగా కాగితం కూడా మారాలి. మన డెస్క్ ఉన్నది ప్రధానంగా ఈ ఒక్క పని కోసం.

చెక్క పాలెట్ల మీద వేడితో శుద్ధి చేసినట్టు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉందో లేదో చూడటం మరవకండి. ముద్ర లేని నాలుగు చెక్కల వల్ల మొత్తం లోడు వెనక్కి పోతుంది.

టైమ్ లెక్కల్లో ఎందుకు ఇన్ని గొడవలు వస్తాయి?

లారెడోలో ఉదయం 8 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. 2022లో మెక్సికో వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతి ఎత్తేసింది, కానీ అమెరికాను ఆనుకుని ఉన్న ఊళ్లను మినహాయించింది. అందువల్ల నువో లారెడో గడియారం లారెడోతో పాటు మారుతుంది. మాంటెరే గడియారం మారదు. మార్చి నుంచి నవంబర్ దాకా ఆ 230 కిలోమీటర్లలో ఒక గంట తేడా.

ఆ గంట వల్ల నేను ఒక లోడు పోగొట్టుకున్నాను. ఒక మార్చి నెల రెండో వారం. ఫ్యాక్టరీ వాళ్లు నాలుగింటికి లోడింగ్ అయిపోతుందని రాశారు. అది మాంటెరే నాలుగు, నేను షీట్‌లో లారెడో నాలుగుగా ఎక్కించాను. అక్కడి నుంచి ప్రతి అపాయింట్‌మెంట్ గంట వెనకబడింది. ఆ రోజుకు బండి వంతెన దాటలేదు. లారెడో డాక్ (బండ్లు ఆనించి సరుకు దించే, ఎక్కించే చోటు) దగ్గర నిలబడ్డ అమెరికా లారీ డ్రైవర్ చూసి చూసి వేరే లోడు పట్టుకుని వెళ్లిపోయాడు. అవతల అసెంబ్లీ లైన్‌కు వెళ్లాల్సిన వైరింగ్ సామాను అది. ఆ రాత్రి మూడింటికి మా డెస్క్‌లో ఎవరూ టీకి కూడా లేవలేదు. అప్పటి నుంచి మా షీట్‌లో ప్రతి సమయం పక్కన ఊరి పేరు రాయడం నియమం. "అక్కా, ఒకే జోన్ కదా, ఊరి పేరు కూడా ఎందుకు?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. ఈ సంగతే చెబుతాను.

డాక్ మీద లెక్క తప్పకుండా ఎలా చూసుకోవాలి?

మా నాన్న జనగామ మార్కెట్ యార్డులో గుమాస్తా. వడ్లు కొలిచేటప్పుడు హమాలీలు "లాభం" అని మొదటి కొలత పైకి చెప్పేవారు, ఆ తర్వాత రెండు, మూడు. అందరికీ వినబడేలా లెక్క. ఒకడు తప్పు చెబితే పక్కవాడు పట్టుకునేవాడు. మంచి క్రాస్‌డాక్‌లో జరిగేదీ అదే, నోటికి బదులు స్కానర్ ఉంటుంది.

మేడ్చల్ దగ్గర ఒక డాక్‌లో ఒక రాత్రంతా నిలబడి చూశాను. బండి వెనక్కి వచ్చి రబ్బరు దిమ్మలకు తగిలింది. చక్రాలకు చెక్కలు పెట్టారు. తలుపు తీయకముందే సూపర్‌వైజర్ సీలు దగ్గరికి సెల్‌ఫోన్ తీసుకెళ్లి, నంబరు కనబడేలా ఫొటో తీశాడు. తర్వాత కట్టర్‌తో తెంపి, ఆ తెగిన బోల్టును జేబులో కాదు, ఒక కవర్లో వేసి బిల్టీకి, అంటే లారీ రసీదుకు, పిన్ను కొట్టాడు. తలుపు తెరిచాక మొదటి వరుస ఫొటో, సగం దిగాక ఒకటి, ఖాళీ అయ్యాక నేల ఫొటో. ఎక్కించేటప్పుడు మళ్లీ అదే వరస, చివర కొత్త సీలు.

లారెడో డాక్ నుంచి కూడా ఈ ఫొటోలన్నీ అడగండి. సీలు ఐఎస్ఓ 17712 ప్రమాణం ఉన్న బోల్టు సీలు అయి ఉండాలి. పాత సీలు నంబరు, కొత్త సీలు నంబరు రెండూ బిల్లు ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా రసీదు) మీద కనబడాలి. పెట్టె తడిసో నలిగో ఉంటే, సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించాలి. సంతకం తర్వాత పంపిన మెయిల్‌కు క్లెయిమ్‌లో బలం బాగా తగ్గిపోతుంది.

మందులు, పళ్లు లాంటివి కూడా ఇలా దించి ఎక్కించవచ్చా?

దించవచ్చు, డాక్ కూడా చల్లగా ఉంటేనే. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాల్సిన మందును లారెడో జూలై ఎండలో బయట దించడం కుదరదు. వెళ్లే రీఫర్ ట్రైలర్‌ను, అంటే చల్లదనం యంత్రం ఉన్న ట్రైలర్‌ను, ముందే చల్లబరిచి, తలుపు డాక్‌కు అతుక్కున్నాకే తెరవాలి. మెక్సికో అవకాడోలు, కూరగాయలు ఎక్కువగా దాటే ఫార్ వంతెన దగ్గర చల్లటి డాక్‌లు అందుకే ఉన్నాయి. మన ఊరి నుంచి వెళ్లే మందులు ఎక్కువగా శంషాబాద్ నుంచి విమానంలోనో, ఓడలోనో నేరుగా అమెరికాకు వెళ్తాయి కాబట్టి మీలో చాలామందికి ఈ వంతెనతో పని పడదు. కానీ అవతలి ఎయిర్‌పోర్టులో జరిగే క్రాస్‌డాక్‌కూ ఇదే నియమం.

చైనా సరుకునో మన సరుకునో మెక్సికోలో దించి ఎక్కిస్తే మెక్సికో సరుకు అయిపోతుందా?

కాదు. పెట్టె మారితే పుట్టుక మారదు. యూఎస్‌ఎంసీఏ ఒప్పందం కింద సుంకం తగ్గాలంటే అక్కడ నిజంగా తయారీ జరగాలి, ప్రతి వస్తువుకూ ఉన్న నియమం ప్రకారం. లేబుల్ మార్చి, తిరిగి ప్యాక్ చేసి పంపితే అది సుంకం ఎగవేత కింద వస్తుంది. ఫోన్‌లో ఎవరైనా "సర్దుకుందాం" అంటే ఆ లోడు వదిలేయండి. ఈ విషయంలో మాత్రం నేను ఎవరికీ మెత్తగా చెప్పను.

క్రాస్‌డాక్ ఎప్పుడు పనికిరాదు?

కొనేవాళ్ల ఆర్డర్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు. వెళ్లే బండి ఖాయం కాకుండా సరుకు వస్తే, పసుపు గీతల మధ్య అది రోజుల తరబడి పడి ఉంటుంది, పక్క లోడ్లకూ అడ్డం. అలాంటప్పుడు మామూలు గోడౌన్ తీసుకోవడమే నయం.

రైలు మీద పంపితే ఈ బాధ ఉండదా?

కొంత తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌లో కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్ కలిసి సీపీకేసీ అయ్యాక కెనడా, అమెరికా, మెక్సికో మూడిటినీ ఒకే రైల్వే కలుపుతోంది. బరువైన, తొందర లేని సరుకుకు మంచిది. అయినా ఫ్యాక్టరీ గుమ్మం దాకా పట్టాలు ఉండవు కాబట్టి చివర రైలు నుంచి లారీకి ట్రాన్స్‌లోడ్ మిగిలే ఉంటుంది. ప్లాస్టిక్ గుళికలు, ధాన్యం, ఉక్కు చుట్టలు అలా దిగుతుంటాయి.

మన సరిహద్దుల్లో కూడా ఇలాగే ఉంటుందా?

పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ దగ్గర చూడండి. మన లారీ బంగ్లాదేశ్ వైపు బెనాపోల్ యార్డు దాకా వెళ్లి, సరుకు దించి, వెనక్కి వస్తుంది. అక్కడి నుంచి వాళ్ల లారీ. మన సరిహద్దు కాకపోయినా ఇంకోటి చెబుతాను, పోలండ్, బెలారస్ మధ్య కారణం మళ్లీ పట్టాలే: ఒక పక్క 1,435 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 1,520. సికింద్రాబాద్ కథ అక్కడ ఇంకా నడుస్తోంది.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ పని బాగా నేర్చుకోవాలంటే ఏం చేయాలి?

స్క్రీన్ వదిలి ఒక రోజు సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపోలో పని ఉన్న సీహెచ్ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) ఎవరైనా తెలిస్తే అడిగి వెంట వెళ్లండి. కంటైనర్ తలుపు తీసినప్పుడు వచ్చే వేడి, లోపలి వరుసలు, ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి కావాల్సిన జాగా కంటితో చూస్తే, "అన్‌లోడింగ్ అరగంటలో అయిపోతుంది" అని కస్టమర్‌కు ఎప్పుడూ చెప్పరు. పాలెట్లు లేకుండా నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు పేర్చిన కంటైనర్ దించడానికి మనుషులకు గంటలు పడుతుంది. 48 అంగుళాల పాలెట్లు 53 అడుగుల ట్రైలర్‌లో రెండు వరుసల్లో 26 పడతాయని కాగితం మీద ఒకసారి గీసి చూసుకోండి. స్పానిష్‌లో అంకెలు, వారాల పేర్లు, "సీలు నంబరు ఎంత?" అన్న వాక్యం నేర్చుకోండి. నువో లారెడోలో రాత్రి డిస్పాచర్ ఫోన్ ఎత్తినప్పుడు మొదట అడగాల్సింది అదే.